పబ్బుకెళ్ళిన ఇల్లాలు

పబ్బుల మీద వ్యాసమా అని మొహం చిట్లించకండి. హైదరాబాదులో చెవులు చిల్లులు పడేలా పాటలు పెట్టే పబ్బుల సంగతి కాదు నేను చెప్పబోయేది. ఇంగ్లండు పల్లెటూళ్ళలో, రోడ్డు పక్కనో చర్చికి ఎదురుగానో కనిపించే పాతకాలపు పబ్బుల సంగతి. పెంకుల కప్పో గడ్డి కప్పో, తల వంచుకుని నడవాల్సినంత కిందికి దూలాలు, గోడలో నిప్పుగూడు, గుమ్మం ముందు బొమ్మ గీసిన బోర్డు. ఆ బోర్డుల్లో ఒక్కోదానికి ఒక్కో కథ. 1651లో వూస్టర్ దగ్గర యుద్ధంలో ఓడిపోయిన రెండో చార్లెస్ ఒక ఓక్ చెట్టెక్కి కొమ్మల్లో దాక్కున్నాడు. ఆ పుణ్యమా అని ‘రాయల్ ఓక్’ అనే పబ్బు ఇంగ్లండులో ఎన్ని ఊళ్ళలో ఉందో! అక్కడ బీరు పోస్తారన్నది నిజమే. కానీ అది సారాకొట్టు కాదు. మన పూటకూళ్ళ ఇల్లూ, రచ్చబండా, టీ హోటలూ మూడూ ఒక కప్పు కింద చేరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుందనుకోండి.

ఆ పబ్బులు ఇప్పుడు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. వాటిని తలుచుకుంటూ రాసిన పుస్తకాలకీ వ్యాసాలకీ మాత్రం కొదవలేదు. అలాంటివి నేను చాలానే చదివాను. హాయిగా ఉంటాయి. కానీ నాలుగు చదివేసరికి ఐదోదాంట్లో ఏముంటుందో చదవకుండానే చెప్పెయ్యచ్చు. నోరు దురుసైనా మనసు వెన్న అయిన యజమాని, నిప్పు దగ్గర కునికే కుక్క, ముప్ఫై ఏళ్ళుగా ఒకే మూల బల్ల మీద కూచునే ముసలాయన, బయట వాన, చివర్లో ఒక నిట్టూర్పు. యజమాని భార్య వంటింట్లోంచి వేడివేడిగా ఏదో తెచ్చిపెట్టి, ఒకే ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోతుంది. చదువుతున్నంతసేపూ నాకు ఒకటే సందేహం. ఆ మూలబల్ల ముసలాయన ఇంటావిడ ఆ వేళప్పుడు ఏం చేస్తూండేదో!

ఇది పనిగట్టుకుని పెట్టే పేచీ అనుకోకండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారాకొట్టు మూయించిన కథ విన్నవాళ్ళం మనం. తాగే చోటు గురించి ఎవరైనా కంటతడి పెట్టుకుంటే చప్పున నమ్మబుద్ధి కాదు. అలాగని ఆ రచయితలందరినీ ఒకే గాట కట్టడం న్యాయం కాదు. జార్జ్ ఆర్వెల్ 1946లో తన మనసుకి నచ్చిన పబ్బు గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. అది లండన్ పబ్బే అనుకోండి. అందులో ఆయనకి అన్నిటికంటే నచ్చింది వెనకాల ఉన్న తోట. ఎందుకంటే అక్కడికి ఇంటిల్లిపాదీ వెళ్ళచ్చు, తండ్రి ఒక్కడూ షికారుకి పోతే తల్లి పిల్లని పట్టుకుని ఇంట్లో కూచోనక్కర్లేదు అన్నాడు. చదివి ఎంత సంతోషించానో! తీరా చివర్లో, ఇన్ని సుగుణాలున్న పబ్బు నిజంగా ఎక్కడా లేదని ఆయనే చెప్పేశాడు.

సరే, ఒక రోడ్డు పట్టుకుని వెళదాం. లండన్ నుంచి పడమరగా, దేశం చివర సముద్రందాకా పోయే పాత దారి ఒకటుంది. ఇప్పుడు దాని పేరు ఏ-30. సాల్స్‌బరీ, షాఫ్ట్స్‌బరీ, షెర్బోర్న్, యోవిల్ మీదుగా ఎక్సెటర్ చేరి, అక్కణ్ణుంచి కార్న్‌వాల్‌లోకి వెళుతుంది. గుర్రపు బళ్ళ రోజుల్లో పదీ పదిహేను మైళ్ళకోసారి గుర్రాలు మార్చాలి, ప్రయాణికులకి ఇంత తిండి పెట్టాలి. ఆ అవసరం కోసం పుట్టినవే దారిపొడుగునా సత్రాల్లాంటి ఆ పెద్ద పబ్బులు. 1860లో సాల్స్‌బరీ నుంచి ఎక్సెటర్‌కి రైలు పడేసరికి వాటి వైభవం కాస్తా పోయింది. కార్లొచ్చాక మళ్ళీ కళకళలాడాయి. 1967లో తాగి బండి నడిపేవాళ్ళకి ఊపిరి పరీక్ష పెట్టారు. సూపర్‌మార్కెట్లో చవగ్గా బీరు దొరకడం మొదలైంది. 2007లో పబ్బులో పొగతాగడం నిషేధించారు. కారణాలు ఒకటా రెండా!

రెండేళ్ళ క్రితం మా తమ్ముడి కారులో ఆ రోడ్డు మీద కొంతదూరం వెళ్ళాను. మధ్యాహ్నం ఒక పబ్బు దగ్గర ఆగాం. తమ్ముడు కారు పెట్టి వచ్చేలోగా నేనూ మరదలూ లోపలికి వెళ్ళి నారింజరసం తెచ్చుకుని కూచున్నాం. ఎవరూ తలెత్తి చూడలేదు. పక్క బల్ల దగ్గర డెబ్భై ఏళ్ళ ముసలావిడ ఒక్కతీ చిన్న గ్లాసు ముందు పెట్టుకుని పత్రికలో గళ్ళనుడికట్టు పూరిస్తోంది. ఇంటికెళ్ళాలన్న తొందరేం లేదావిడకి. నాకు చప్పున హార్డీ గుర్తొచ్చాడు.

ఎందుకంటే ఆ దారికి కాస్త దక్షిణంగా, బ్లాక్‌మోర్ లోయలో మార్న్‌హల్ అని ఒక ఊరుంది. థామస్ హార్డీ 1891లో తెచ్చిన ‘టెస్’ నవల్లో దానికే మార్లాట్ అని పేరు పెట్టాడు. నవల్లో ఆ ఊళ్ళో తాగే చోట్లు రెండు. ఒకటి ‘ప్యూర్ డ్రాప్’, రెండోది రోలివర్ వాళ్ళ ఇల్లు. రోలివర్‌కి బీరు అమ్మడానికే గాని అక్కడ కూచోబెట్టి పొయ్యడానికి లైసెన్సు లేదు. అందుకని అసలైన ఖాతాదార్లు మేడమీద పడగ్గదిలో చేరతారు. కిటికీకి శాలువా అడ్డం కట్టి, మంచం మీదా సొరుగుల బీరువా మీదా ఎక్కి కూచుని తాగుతారు.

టెస్ తల్లి జోన్‌కి ఇంటినిండా పిల్లలు. సోమవారం ఉతకాల్సిన బట్టలు వారం చివరిదాకా తెమలవు. తొట్టి ముందు నించుని ఉతుకుతూనే ఒక కాలితో ఉయ్యాల ఊపుతూంటుంది. మొగుడు రోలివర్ దగ్గరున్నాడని తెలిసి, నే వెళ్ళి తీసుకొస్తానంటూ బయల్దేరుతుంది. కూతురు చూస్తే ఏముంది, అమ్మ జాకెట్టూ టోపీ పక్కనే కుర్చీ మీద ముందే సిద్ధంగా ఉన్నాయి! పిలుచుకురావడానికి వెళ్ళిన మనిషి అక్కడే మొగుడి పక్కన కూచుండిపోతుంది. ఆ గంటా రెండు గంటలూ ఆవిడకి మిగిలిన సుఖాల్లో ఒకటి అంటాడు హార్డీ. కంటికెదురుగా లేకపోతే పిల్లలు ముద్దుగా కనిపిస్తారట, మొగుడు పెళ్ళికిముందు వెంటబడి తిరిగిన కుర్రాడిలా కనిపిస్తాడట. చెప్పండి, ఈ మాట ఒక మగాడికి ఎలా తెలిసిందంటారు?

బి.ఏ.లో మాకీ నవల పాఠం. విధి గురించి, ప్రకృతి గురించి, ఏంజెల్ క్లేర్ గురించి పేజీలకి పేజీలు నోట్సు చెప్పారు. కుర్చీ మీది జాకెట్టు గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. నలభై దాటి, గరిటె చేతిలో ఉండగా మళ్ళీ చదివితే, నాకు ముందు కనిపించింది ఆ జాకెట్టే.

హార్డీ గొప్పతనం అక్కడితో ఆగలేదు. ఆ సుఖానికి వెల ఎవరు కట్టారో కూడా చూపించాడు. తల్లి రాలేదని తమ్ముణ్ణి పంపుతుంది టెస్. వాడూ రాడు. చివరికి తనే వెళుతుంది. ఆ రాత్రి తేనెపట్ల బండి సంతకి తోలాల్సిన తండ్రి లేవలేని స్థితిలో ఉంటాడు. తెల్లవారుజామున టెస్ బండి తోలుకుపోతూ కునుకు తీస్తుంది, టపాబండి వచ్చి గుద్ది గుర్రం చచ్చిపోతుంది. ఆ గుర్రమే వాళ్ళ కూడూ గుడ్డా. నావల్లే పోయిందన్న బాధతోనే టెస్ డబ్బున్న చుట్టాలనుకున్నవాళ్ళ గడప తొక్కుతుంది, ఆవిడ బతుకు అక్కడే చెడుతుంది. తల్లికి దొరికింది రెండు గంటలు, కూతురు కట్టింది జీవితం. జోన్‌ని హార్డీ ఎక్కడా తిట్టడు. క్షమించమనీ అడగడు. జ్ఞాపకాల వ్యాసాల్లో నాకు కనపడనిది ఈ లెక్కే.

అదే రోడ్డు మీద ఇంకా పడమరకి పోతే బాడ్మిన్ మూర్ అనే బయలు వస్తుంది. అక్కడుంది ‘జమైకా ఇన్’. 1750లో కట్టింది. డాఫ్నీ డు మారియే 1936లో ఆ పేరుతోనే నవల రాసింది. అందులో పేషెన్స్ అనే పిన్ని ఆ సత్రం యజమాని భార్య. ఓడల్ని ఒడ్డుకి లాగి దోచుకునే ముఠా ఆయనది. సత్రానికి ఇల్లాలయ్యుండి ఆవిడ నీడని చూసి ఉలిక్కిపడుతూ బతుకుతుంది. ఇంతకీ తమాషా ఏమిటంటే, ఆ రోజుల్లో ‘జమైకా ఇన్’లో మద్యం చుక్క దొరకదు. అప్పుడది మద్యం ముట్టని వసతి గృహం!

ఈ రోడ్డు వదిలి ఒక్క మాట. పబ్బు మంచితనం గురించి నేను చదివిన వాటిల్లో గొప్పది కూడా ఒక స్త్రీ రాసిందే. జార్జ్ ఇలియట్ ‘సైలాస్ మార్నర్’ 1861లో వచ్చింది. పదిహేనేళ్ళు ఊళ్ళో ఎవరితోనూ కలవని నేతగాడు, కూడబెట్టిన బంగారం పోయిందని గోలపెడుతూ ‘రెయిన్‌బో’ పబ్బులోకి పరుగెత్తుకొస్తాడు. వాళ్ళు ముందు దెయ్యమనుకుంటారు, తరవాత నిప్పు దగ్గర కూచోబెట్టి కథ వింటారు. వాడు మళ్ళీ మనుషుల్లో పడటం అక్కడే మొదలు. పబ్బంటే అది. కష్టం వస్తే పరుగెత్తుకుపోవడానికి ఒక తలుపు. కానీ ఆ గదిలో ఉన్నది అందరూ మగవాళ్ళే. బంగారం పోయింది ఒక ఆడదానిదైతే ఏ తలుపు తట్టేది?

‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మని మీరు మరిచిపోయి ఉండరు. ఇంగ్లీషు పల్లెల్లోనూ మొదట్లో ఈ వ్యాపారం ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల్లోనే ఉండేది. ఇంట్లో ఏల్ కాచి, మిగిలింది అమ్ముకునేవారు. సరుకు తయారైందని గుమ్మానికి ఆకులగుత్తి కట్టిన కర్ర పెట్టేవారు. ఆ ఏల్ నాలుగైదు రోజుల్లో పులిసిపోయేది గనక చిన్న ఎత్తునే సాగేది. హాప్స్ పువ్వు వేసి కాచిన బీరు నిలవుంటుందని తేలాక పెట్టుబళ్ళు వచ్చాయి, సంఘాలు వచ్చాయి, వ్యాపారం మగవాళ్ళ చేతుల్లోకి పోయింది. జుడిత్ బెనెట్ అనే చరిత్రకారిణి 1996లో ఈ సంగతంతా పుస్తకంగా రాశారు. తాము పుట్టించిన చోటే తమకి పరాయిదైంది. ఎంతగానంటే, 1982లో కూడా లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లో ఒక బారువాళ్ళు, ఆడవాళ్ళకి కౌంటరు దగ్గర పొయ్యం, వెనకగదిలో కూచుంటే తెచ్చిస్తాం అన్నారు. ఇద్దరు స్త్రీలు కోర్టుకెక్కి గెలిచారు. అందులో లాయరు పేరేమిటో తెలుసా? టెస్ గిల్!

ఇప్పుడు చెప్పండి, పాత పబ్బు పోతోందంటే నేను విచారించాలా? విచారిస్తాను. కొట్టూ బస్సూ బడీ పోయిన ఊళ్ళో నలుగురూ కూచునే చివరి గది అది. 2011లో వచ్చిన చట్టంతో ఊరివాళ్ళు తలా కొంత వేసుకుని పబ్బు కొనుక్కునే వీలు కలిగింది. అలా నిలబెట్టుకున్న కొన్నిచోట్ల పగలు కాఫీ, పోస్టాఫీసు, పుస్తకాల అర కూడా పెట్టారు. నేను చూసిన గళ్ళనుడికట్టు ముసలావిడలాంటివాళ్ళకి అవే దిక్కు. ఇకమీదట పబ్బు జ్ఞాపకాలు అలాంటావిడ ఎవరైనా రాస్తే బావుండును. అప్పుడు మూలబల్ల ముసలాయన ఇంటావిడ సంగతి కూడా తెలుస్తుంది.

మీరూ ఒకసారి లెక్క వేసుకోండి. చేతిలో పనిలేకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా ఓ గంట కూచునే చోటు మన ఊళ్ళో ఆడదానికి ఎక్కడుంది? పెళ్ళీ, పేరంటం, గుడీ, ఎక్కడికెళ్ళినా ఏదో ఒక పని అంటగడతారు. ఆ చోటు పబ్బే కానక్కర్లేదు. కానీ అక్కడికి మనం వెళితే ఇంట్లో కూతురు బండి తోలాల్సిన అవసరం రాకూడదు. ‘టెస్’ మొత్తం చదివే తీరిక లేకపోతే మూడో అధ్యాయం, నాలుగో అధ్యాయం చదవండి చాలు. కుర్చీ మీద ఆ జాకెట్టు ఇంకా అక్కడే ఉంటుంది.