ఏడు నిమిషాల పదిహేను సెకన్లకు ఎంత పెట్టాలి?

పోలీసు నోటిఫికేషన్ వస్తుందన్న మాట పేపర్లో ఏ మూల కనిపించినా చాలు, నల్లగొండ జిల్లా నకిరేకల్‌లో తెల్లవారుజాము తీరే మారిపోతుంది. చీకట్లోనే గ్రౌండ్‌లో అడుగుల చప్పుడు మొదలవుతుంది. తుంగతుర్తి వైపు పోయే 365వ నంబరు జాతీయ రహదారి అంచున ఇద్దరిద్దరుగా, ముగ్గురేసిగా ఉరికేవాళ్లు ఎదురవుతారు. నిమ్మతోటల్లో కాయ కోతకు పోయే ఇళ్ల పిల్లలు, ఆటో నడిపేవాళ్లు, డిగ్రీ అయిపోయి ఇంటిపట్టునే ఉన్నవాళ్లు. పరుగు గురించి నాతో మాట కలిపినవాళ్లు కాస్త చనువు కాగానే అడిగేది ఒకటే: "అన్నా, షూస్‌కు ఎంత పెట్టాలె?"

ఇది చిన్న ప్రశ్న అనుకునేవాళ్లతో నేను ఒప్పుకోను. అడిగే పిల్లవాడి జేబులో రెండు వేలుంటే అవి వాళ్లమ్మ ఎండలో ముళ్ల మధ్య చెయ్యి పెట్టి కాయ కోసిన రోజులు. ఆ డబ్బు తప్పుడు జతకు పోతే మళ్లీ రాదు. తక్కువలో పోదామని కొన్న జత పిక్కకో మోకాలికో తగిలితే పోయేది డబ్బు ఒక్కటే కాదు, ఆ ఏడాది కూడా.

ముందు మనం ఉరికేది ఎంత దూరమో చూసుకుందాం. 2022 ఏప్రిల్‌లో తెలంగాణలో 16 వేలకు పైగా పోలీసు పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఈవెంట్స్ (దేహదారుఢ్య పరీక్షలు) డిసెంబరు 8న మొదలయ్యాయి, నల్లగొండ కూడా ఒక కేంద్రం. మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. అంతకుముందు, 2018 నోటిఫికేషన్‌లో, మగవాళ్లకు ఉన్నది 800 మీటర్లు, 170 సెకన్లు. ఈ మార్పు బూట్ల లెక్కను కూడా మార్చింది. 800 మీటర్లకు వేగం కావాలి, 1600 మీటర్లకు నెలల తరబడి రోజూ దూరం ఉరికిన కాళ్లు కావాలి. రోజుకు ఐదు కిలోమీటర్లు, వారానికి ఆరు రోజులు అనుకుంటే నెలకు 120 పైన, ఐదు నెలలకు 600 దాటుతుంది. మామూలు రన్నింగ్ షూ అడుగున ఉండే మెత్తటి ఫోమ్ ఆయుష్షు 500 నుంచి 800 కిలోమీటర్లని సాధారణంగా చెప్పే లెక్క. అంటే ఒక అభ్యర్థికి ఒక సీజన్‌కు ఒక మంచి జత సరిపోతుంది. మనం ధర కట్టాల్సింది ఆ 600 కిలోమీటర్లకు. పరీక్ష రోజు ఉరికే నాలుగు రౌండ్లు అందులో చివరి తునక.

ఇక ధరల సంగతి. ఐదారు వందల జతను బజారులో 'స్పోర్ట్స్ షూ' అనే అమ్ముతారు. తొడిగితే మెత్తగానే ఉంటుంది, కానీ ఆ మెత్తదనం చాలాసార్లు లోపల పరిచిన స్పాంజి పొరది. దాని కింద సోలు గట్టిగా, బరువుగా ఉంటుంది. రెండు నెలలు రోడ్డు మీద ఉరికితే మడమ దగ్గర ఒక పక్కకు వాలిపోతుంది. అలాంటివి సీజన్‌కు మూడు జతలు కొంటే అయ్యే ఖర్చు ఒక మంచి జత ధరకు దగ్గరగానే వస్తుంది. పైగా వాలిన సోలు మీద ఉరికిన వారాలన్నీ కాలి మీద పడతాయి.

అంతకన్నా నాకు బాధ కలిగించేది 'ఫస్ట్ కాపీ'. పెద్ద కంపెనీ గుర్తు వేసి పన్నెండు, పదిహేను వందలకు అమ్మే నకిలీ జత అది. హైదరాబాద్ పోయిన దోస్తు తెస్తాడు. గ్రౌండ్‌లో అందరి కాళ్లూ చూసుకునే వయసులో ఆ గుర్తు మీద ఆశ పుట్టడం నాకు అర్థమవుతుంది. కానీ అందులో పెట్టిన డబ్బంతా పైన కుట్టిన గుర్తుకే పోయింది, అడుగున ఏం పోశారో ఎవరికీ తెలియదు. అదే డబ్బుకు మన దేశపు కంపెనీ సొంత పేరుతో అమ్మే జత కొంటే కాలికి ఎంతో కొంత దక్కుతుంది. పేరు చూసి నవ్వేవాళ్లుంటే నవ్వనీ.

మరి పది వేలు పెట్టగలిగినవాళ్లు పెడితే కాళ్లు భద్రంగా ఉంటాయా? ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞులు చాలా కాలంగా పరీక్షిస్తున్నారు. 1984 మేలో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో జరిగిన 16 కిలోమీటర్ల పరుగులో పాల్గొన్న నాలుగు వేలకు పైగా మందిని అడిగి చూస్తే, ఖరీదైన బూట్లు వేసుకున్నవాళ్లలోనే గాయాలు ఎక్కువగా కనిపించాయి. దీన్నిబట్టి ఖరీదైన బూటే కాలు విరగ్గొడుతుందని చెప్పడం తొందరపాటు. ఎక్కువ దూరం ఉరికేవాళ్లు, ఇదివరకే దెబ్బ తగిలినవాళ్లు ఖరీదైనవి కొనడం సహజం. అయితే ధర పెరిగినకొద్దీ రక్షణ పెరుగుతుందన్న నమ్మకానికి మాత్రం అక్కడ ఆధారం దొరకలేదు. 2008లో స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయం వాళ్లు మూడు కంపెనీల బూట్లను, ఒక్కో కంపెనీవి మూడేసి ధరల్లో తీసుకుని, పాదం కింద పడే ఒత్తిడిని కొలిచారు. చవకవి, మధ్యరకం కూడా ఖరీదైనవాటితో సమానంగా నిలిచాయి. అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకు పాదం అడుగు వంపును బట్టి వేర్వేరు రకాల బూట్లిచ్చి చూశారు. అందరికీ ఒకే రకం ఇచ్చిన గుంపుకూ వీళ్లకూ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కెనడాలో కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన బెన్నో నిగ్ దశాబ్దాల పరిశోధన తర్వాత, ఉరికేటప్పుడు కాలికి ఏది హాయిగా ఉంటే దాన్నే ఎంచుకోమన్నారు. మన పిల్లలకు నేను చెప్పేదానికి ఇంతకన్నా బలమైన ఆధారం అక్కర్లేదు.

కాబట్టి నా జవాబు పదిహేను వందల నుంచి రెండున్నర వేల మధ్య. ఈ మెట్టులో నిఖార్సయిన రన్నింగ్ షూలు దొరుకుతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి జతకు 2,500 రూపాయల దాకా జీఎస్టీ 5 శాతానికి తగ్గింది, ఆ గీత దాటితే 18 శాతం. వెయ్యి దాటిన ప్రతి జతకూ అంతకుముందు 18 శాతమే ఉండేది. తగ్గిన పన్ను తగ్గిన ధరగా కనిపిస్తోందో లేదో దుకాణంలో గట్టిగా అడగాలి.

బరువు విషయంలో మాత్రం పట్టుబట్టాలి. బూటుకు 100 గ్రాముల బరువు పెరిగితే మూడు వేల మీటర్ల పరుగు సుమారు 0.78 శాతం నెమ్మదిస్తుందని 2016లో కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు తేల్చారు. మన 7 నిమిషాల 15 సెకన్లంటే 435 సెకన్లు. లెక్క వేస్తే మూడు సెకన్లకు పైన. సెకన్ల తేడాతో ఆగిపోయిన పిల్లల ముఖాలు చూసినవాళ్లకు ఆ మూడు సెకన్ల విలువ తెలుసు. తేలిక బూటుకు పెద్ద ధరే ఉండాలని లేదు. రెండు వేలలోనే 250 గ్రాముల దగ్గర ఉన్నవీ ఉన్నాయి, 350 తూగేవీ ఉన్నాయి. కిరాణా కొట్టు కాటా మీద ఒక్క బూటు పెట్టి చూస్తే చాలు.

జత ఎంచుకోవడం ఒక పనితనం. మా ఊరి పిల్లల్లో చాలామంది దాన్ని ఐదు నిమిషాల్లో ముగించేస్తారు, అక్కడే నష్టపోతారు. సాయంత్రం పూట పోవాలి, రోజంతా నడిచిన పాదం అప్పటికి కాస్త ఉబ్బి ఉంటుంది. ఉరికేటప్పుడు వేసుకునే సాక్సులే వేసుకుపోవాలి. లోపలి అట్టను బయటికి తీసి నేల మీద పెట్టి, దాని మీద నిలబడి చూడాలి. పాదం పక్కలకు పొర్లితే ఆ బూటు వెడల్పు చాలదు. చిన్నప్పటి నుంచి చెప్పుల్లో, ఉత్తకాళ్లతో తిరిగిన మన పాదాలు ముందు భాగంలో వెడల్పుగా ఉంటాయి. సన్నటి బూటులో ఇరికితే చిటికెన వేలు దగ్గర పొక్కుతుంది. అందరికన్నా పొడుగైన వేలు ముందు (కొందరికది బొటనవేలి పక్కది) ఒక బొటనవేలు మందం ఖాళీ ఉండాలి. మడమ మాత్రం జారకూడదు. బూటును రెండు చేతులతో వంచితే వేళ్లు వంగే చోటే వంగాలి, నడుమ మడత పడితే పక్కన పెట్టేయాలి. ఒక కంపెనీ 8వ నంబరు ఇంకో కంపెనీలో 9 కావచ్చు, అందుకే నంబరు చెప్పి ప్యాక్ చేయించుకోవద్దు. చివరగా రెండూ తొడిగి, దారాలు కట్టి, దుకాణం ముందు అటూ ఇటూ ఉరికి చూడాలి. "కొంటేనే ఉరుకు" అనే దుకాణంలో కొనొద్దు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఇంట్లో చాప మీద ఈ పరీక్షలన్నీ చేసి, సరిపడకపోతే మొహమాటం లేకుండా తిప్పి పంపాలి.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. మన చిన్న ఊళ్ల దుకాణాల్లో ఆడవాళ్ల రన్నింగ్ షూ అడిగితే గులాబీ రంగు వాకింగ్ బూటు చూపిస్తారు, లేదంటే మగపిల్లల ఐదో నంబరు. మగవాళ్ల కొలతకు చేసిన బూటులో ఆడపిల్లల మడమ జారుతుంది. అన్నిటికన్నా పైన ఉండే అదనపు రంధ్రంలోంచి కూడా దారం దూర్చి కడితే కొంత పట్టు వస్తుంది. అసలు చిక్కు అంతకుముందే ఉంది. తమ్ముడి బూట్లకు రెండు వేలు తీసే ఇంట్లో, అక్క బూట్లకు "ఏడు వందలల్ల చూడు బిడ్డా" అనే మాట వస్తుంది. ఆమె ఉరికేది 800 మీటర్లేనన్నది ఒక సాకు. 800 మీటర్ల కోసం ఆమె కూడా రోజూ కిలోమీటర్లు ఉరుకుతుంది, అదే కంకర మీద, అదే చలికి. ఇంట్లో ఒకే జతకు డబ్బుంటే ఎవరి తేదీ ముందుంటే వాళ్లకు కొనండి. ఆడపిల్ల అన్న లెక్క అందులోకి తేవొద్దు.

పెద్దవాళ్లు కొందరు అంటారు, "మేం ఉత్తకాళ్లతోనే ఉరికినం" అని. నిజమే. ఇథియోపియా వీరుడు అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఉత్తకాళ్లతోనే 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు. 1964లో టోక్యోలో బూట్లతో మళ్లీ గెలిచాడు, 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో. చిన్నప్పటి నుంచి అలా ఉరికి గట్టిపడ్డ పాదాలకు అది చెల్లింది. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు, గాజు పెంకులు ఉన్న రోడ్డంచున, ఐదు నెలల గడువులో, అలవాటు లేని పిల్లవాడికి ఆ మాట చెప్పకండి.

నొప్పి గురించి కూడా చెప్పాలి. ఈ జిల్లా మూడు తరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిన ఎముకలను చూసింది. అందుకే కాళ్ల నొప్పి అంటే "నీళ్లతోటే వచ్చింది" అని సర్దుకునే అలవాటు పెద్దవాళ్లలో ఇంకా ఉంది. ఇరవై ఏళ్ల పిల్లవాడికి మోకాలి కింద ముందు ఎముక పొడవునా నొప్పి వస్తే కారణం చాలాసార్లు వేరే: ఒక్కసారిగా దూరం పెంచడం, గట్టి రోడ్డు, ఫోమ్ చచ్చిన బూట్లు. నాలుగు రోజులు ఆపి, మట్టి నేల మీదికి మారి, సోలు చూసుకోవాలి. వేలితో నొక్కితే ఒకేచోట సూదిలా పొడిస్తే డాక్టరుకు చూపించాల్సిందే. అన్న వాడి వదిలిన జత పైకి కొత్తగా కనిపించినా లోపల ఫోమ్ అణిగిపోయి ఉంటుంది. అలాంటిది కాలేజీకి వేసుకోవచ్చు, పరుగుకు పనికిరాదు.

సోలు లోపల కార్బన్ రేకు ఉండే 'కార్బన్ ప్లేట్' బూట్ల గురించి కూడా అడుగుతున్నారు ఈ మధ్య. వాటి లాభం నిజమే. 2017 తర్వాత మారథాన్ రికార్డులు మారిన తీరు చూసి, 2020లో ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ సోలు మందం 40 మిల్లీమీటర్లు దాటొద్దని హద్దు పెట్టింది. 2023లో బెర్లిన్‌లో ఇథియోపియా రన్నర్ టిగ్స్ట్ అసెఫా 2 గంటల 11 నిమిషాల 53 సెకన్లతో అప్పటి మహిళల మారథాన్ ప్రపంచ రికార్డు పెట్టినప్పుడు వేసుకున్న అడిడాస్ జత ధర 500 డాలర్లు, ఒక్కో బూటు 138 గ్రాములు, అదీ ఒక్క మారథాన్ కోసం చేసింది. సెకన్లను డబ్బుతో కొనే ఆ పోటీ మనది కాదు. నకిరేకల్ పిల్లవాడికి ఏడున్నర నిమిషాల నుంచి ఏడుకు రావడానికి వారానికి రెండు రోజులు గట్టి రౌండ్లు, ఒక రోజు నెమ్మదిగా ఎక్కువ దూరం, సరిపడా నిద్ర చాలు.

పది వేలు పెట్టగలిగిన ఇల్లయినా రెండు వేలలో జత కొని, మిగతాది రోజూ రెండు గుడ్లకు, గ్లాసు పాలకు, నెలకోసారి నల్లగొండ స్టేడియంలో టైమింగ్ చూసుకోవడానికి బస్సు ఛార్జీకి పెట్టమంటాను. రెండు వేలే ఉన్న ఇంట్లో బూట్లకు పద్దెనిమిది వందలు పోసి తిండి తగ్గించే పిల్లలను నేను చూశాను. వాళ్లకు పన్నెండు వందల జతే చెబుతాను, నెమ్మదిగా వెతికి, తొడిగి చూసి కొనమని.

కొన్నాక ఆ జత పరుగుకే ఉండాలి. పెళ్లిళ్లకు, బజారుకు దాంట్లో తిరిగితే ఫోమ్ అక్కడే అరుగుతుంది. తడిస్తే లోపల పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టాలి. మన మే నెల ఎండలో రేకుల మీద పెడితే జిగురు ఊడిపోతుంది. ఈవెంట్స్ తేదీ వచ్చాక ఉత్సాహంతో కొత్త జత కొనొద్దు. పాతది మరీ అరిగిపోతే మూడు వారాల ముందే మార్చి, మొదటి వారం సగం దూరం కొత్తవాటితో, సగం పాతవాటితో ఉరకండి. ఈవెంట్స్ రోజు గ్రౌండ్‌లోకి పోయే ముందు దారాలు రెండు ముళ్లు వేసి, కొసలు లోపలికి దోపుకోండి.