డ్రైవర్లు రాసే చేతులు

సోమందేపల్లెలో బస్సెక్కి 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరు దారి పట్టే ఇంజనీరింగ్ పిల్లలకు నేను మనసారా చెప్పే పని ఒకటుంది: డివైస్ డ్రైవర్లు, అంటే హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రాములు రాయడం.

ఫోన్ తెరను తాకగానే టచ్ చిప్ ప్రాసెసర్‌కు ఇంటరప్ట్ పంపుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్ చేస్తున్న పని ఆపి డ్రైవర్‌లోని హ్యాండ్లర్‌ను నడుపుతుంది. అది చకచకా ముగియాలి. నిద్రపోయే ఫంక్షన్‌ను అందులో పిలవకూడదు. చిప్ రిజిస్టర్లను నిదానంగా చదివే పనిని వేరే థ్రెడ్‌కు అప్పగించాలి. ఇక్కడ పొరపాటు జరిగితే ఒక్క యాప్ కాదు, యంత్రమంతా కుప్పకూలవచ్చు. అంత బాధ్యత మోసే సి కోడును చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. సోమందేపల్లె దగ్గర్లోని ఎర్రమంచిలో 2019 నుంచి తయారవుతున్న కియా కార్లలోని తెరల వెనకా ఇలాంటి పనే ఉంది.

కొత్తవాళ్లకు తలుపు తెరిచే ఉంది. లినక్స్ కెర్నల్ సోర్సులో సింహభాగం డ్రైవర్లే. ఇంకా పక్వానికి రానివి స్టేజింగ్ డైరెక్టరీలో ఉంటాయి. కోడు శైలిని పరీక్షించే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు చూపిన చిన్న లోపాన్ని సరిదిద్ది, ఎందుకు మార్చారో స్పష్టంగా రాసి, మెయింటైనర్‌కు ఈమెయిల్‌లో పంపాలి. తిరగ్గొడితే, దిద్ది మళ్లీ పంపాలి. అక్కడ చూసేది కాలేజీ పేరును కాదు, కోడును. ఇంట్లో అభ్యాసానికి ఒక రాస్ప్‌బెర్రీ పై, ఒక ఉష్ణోగ్రత సెన్సారు, దాని డేటాషీటు చాలు.