పేరు పడిన బిందె, పేరు లేని వాచీ

పరకాలలోనో హుజూరాబాద్‌లోనో పెళ్లివారు స్టీలు సామాను దుకాణానికి వెళితే, బేరం తెగి డబ్బు కట్టేశాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. కొన్న ప్రతి సర్వ మీద, తలె మీద, బిందె మీద పేరు వేయించాలి. దుకాణంలో ఒక మూల కూర్చున్న మనిషి కరెంటు పెన్ను పట్టుకుని, ముందుగా గీత కూడా గీసుకోకుండా, చీటీ మీది పేరును ఒక్కో గిన్నె మీదికి ఎక్కిస్తాడు. పత్తి అమ్మిన డబ్బుతో బిడ్డ పెళ్లి చేసే రైతు కుటుంబానికి ఇది సామాను కొనడంలో భాగమే, అదనపు హంగు కాదు. అదే పెళ్లిలో అల్లుడికి పెట్టే వాచీ ఖరీదు ఆ గిన్నెలన్నింటి ఖరీదుకు సమానం కావచ్చు. దాని మీద మాత్రం సాధారణంగా ఒక్క అక్షరం చెక్కించరు. చెక్కిస్తే వాచీ పాడవుతుందంటారు, మళ్లీ అమ్ముడుపోదంటారు, నాజూకు పోతుందంటారు. ఈ భయాల్లో కొన్నింటికి ఆధారం ఉంది. అయినా గిన్నెల మీద పేరు ఎందుకు వేయిస్తున్నామో, ఏ లోహం మీద ఆ పని ఎలా సాగుతుందో చూస్తే, వాచీకీ అదే న్యాయం వర్తిస్తుందని నా వాదన. చెక్కడం ఎంత అందంగా వచ్చిందన్నది తర్వాతి సంగతి. ఆ వస్తువును ఎవరు ఎవరికి ఇచ్చారో తెలియాల్సిన అవసరం ఉందా లేదా అన్నదే ముందు తేల్చుకోవాల్సింది.

ఇత్తడి, రాగి సామాను రోజుల్లో పేరు వేయడం కంచరి చేతి పని. మొనదేలిన చిన్న ఉలి, తేలికపాటి సుత్తి ఉంటే చాలు. ఉలిని నిలువుగా పట్టి దెబ్బకొక చుక్క పెడుతూ, ఆ చుక్కల వరుసనే అక్షరంగా తిప్పుతారు. గీత కోయకుండా చుక్కలు పెట్టడానికి కారణం ఉంది. తెలుగు అక్షరం గుండ్రం. చదునైన మొన ఉన్న ఉలి నిలువు గీతను, ఏటవాలు గీతను శుభ్రంగా కోస్తుంది కానీ ‘ల’ మెలిక దగ్గర, ‘ణ’ సుడి దగ్గర జారిపోతుంది. చుక్క ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. పైగా కోతలో లోహం పోతుంది. చుక్కలో లోహం లోపలికి నొక్కుకుంటుందే తప్ప పోదు. నొక్కిన చోట రేకు అవతలికి ఉబ్బకుండా ఉండాలంటే వెనక దన్ను కావాలి. జనగామ దగ్గరి పెంబర్తి కళాకారులు ఇత్తడి రేకును కాల్చి మెత్తబరిచి, లక్క దిమ్మ మీద అతికించి నగిషీ కొట్టేది ఇందుకే. దెబ్బకు తగినంత లొంగుతూనే రేకు చిరగకుండా కాపాడే గుణం లక్కకు ఉంది. బిందె లోపల అలాంటి దన్ను పెట్టడం కష్టం. అందుకే పేరు ఎక్కువగా మెడ దగ్గరో అంచు కిందో, రేకు మందంగా ఉన్నచోట పడుతుంది. బయటి వైపు కాబట్టి లోపలి కళాయికి హాని లేదు. చింతపండు పెట్టి ఎంత తోమినా చుక్కల గుంటల్లో కొంత నలుపు నిలిచిపోతుంది, చుట్టూ ఇత్తడి మెరుస్తుంది. వాడకంతో పేరు ఇంకా స్పష్టమవుతుంది. రంగుతో రాసిన పేరుకు ఈ భాగ్యం లేదు.

స్టీలు వచ్చాక పని మారింది. ఇత్తడి కన్నా గట్టి లోహం, పలచని రేకు. చేతి ఉలి దెబ్బకు సొట్ట పడుతుందే తప్ప అక్షరం పడదు. కరెంటు పెన్నులో విద్యుదయస్కాంతం గట్టి మొనను సెకనుకు ఎన్నో సార్లు ఆడిస్తుంది. ఒక్కో దెబ్బ చాలా చిన్నది కాబట్టి వెనక దన్ను అక్కర్లేదు. గంటలో కొట్టే పేరు నిమిషంలో పడుతుంది. పోయిందేమిటంటే లోతు. స్టీలు మీది అక్షరం గరుకు గీత మాత్రమే. వెలుతురుకు తిప్పి చూస్తే కనిపిస్తుంది. తుప్పు పడుతుందేమోనన్న అనుమానం మాత్రం వద్దు. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది దానిలోని క్రోమియం గాలితో కలిసి ఏర్పరిచే, కంటికి కనిపించని పలచని పొర. మంచి వంటసామానులో క్రోమియం 18 శాతం దాకా ఉంటుంది. గీరినచోట ఆ పొర మళ్లీ దానంతటదే కట్టుకుంటుంది. ఇప్పుడు పట్నాల్లో వాడుతున్న లేజరు సంగతి వేరు. అది స్టీలును వేడెక్కించి నల్లటి అక్షరం తెస్తుంది, అచ్చు వేసినంత తీరుగా ఉంటుంది. వేడి మితిమీరితే మాత్రం అక్కడి రక్షణ పొర దెబ్బతిని, నిత్యం తడి తగిలే గిన్నె మీద తుప్పు మరక రావచ్చు. ఇక తెలుగుకు తనదైన చిక్కు ఒకటుంది: తలకట్టు పైన, ఒత్తు కింద. గిలాస అంచు మీది సన్నని పట్టీలో ‘లక్ష్మమ్మ’ అని రాయాలంటే మూడు అంతస్తులు కావాలి. చాలామంది అక్కడ ఇంగ్లిషు పొడి అక్షరాలకు దిగిపోతారు. అది నాకు బాధగా ఉంటుంది. ఏ ఊరి ఏ ఇంటి బిడ్డదైనా కావచ్చన్నట్టుగా మిగిలే రెండు పొడి అక్షరాలు, పేరు వేయించిన ఉద్దేశాన్నే సగం పోగొడతాయి. పట్టీని వదిలి కొంచెం కిందకు జరిగితే చోటు దొరుకుతుంది.

అసలు ఇంత పని ఎందుకు? పల్లెలో గిన్నె ఒక ఇంట్లో ఉండే వస్తువు కాదు. పెళ్లికి, దశదిన కర్మకు, బోనాల వంటలకు గుండిగలు, గంగాళాలు, పరాత్‌లు వాడకట్టు వాడకట్టంతా తిరుగుతాయి. కుల సంఘాలు ఉమ్మడి సామాను కొని దాని మీద సంఘం పేరు వేయించుకునేదీ ఇందుకే. కరువు ఏడాది ఇత్తడి బిందె కుదువకు పోతుంది, విడిపించుకునే రోజున ఎవరిది ఏదో తేలాలి. దొంగసొత్తు దొరికి పోలీసు స్టేషనులో పరిచినప్పుడు పేరున్న చెంబు తన యజమానిని తానే చెబుతుంది. చేతులు మారే వస్తువుకు ఆధారం కావాలి, ఆ ఆధారం వస్తువు నుంచి విడిపోకూడదు. ఈ ఆలోచన ఈ నేలకు కొత్త కాదు. పరకాలకు తూర్పున ఉన్న రామప్ప గుడిలో రేచర్ల రుద్రుడు 1213లో వేయించిన శాసనం చేసిందీ ఇదే పని: ఇచ్చినవారెవరు, ఎప్పుడు ఇచ్చారు, దేవుడికి ఏ ఊళ్లు రాసిచ్చారు. తాటాకు చెదలు తింటుందని రాయిని నమ్ముకున్నారు. కూతురి బిందె మీద పేరు, ఊరు, తేదీ వేయించే తల్లిదండ్రులు ఆ వివరాలనే చిన్న కొలతలో చెక్కిస్తున్నారు.

దీని అసలు బరువు ఆడపిల్ల దగ్గర తెలుస్తుంది. పుట్టింటివారు పెట్టిన సామాను ఆమె సొంతం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను స్త్రీ ఆస్తి మీద ఆమెకు పూర్తి హక్కు ఇచ్చింది. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు, స్త్రీధనం భర్త చేతిలోనో అత్తమామల చేతిలోనో ఉన్నంత మాత్రాన వాళ్లది కాదని, దాన్ని తిరిగి ఇవ్వకపోవడం నమ్మకద్రోహ నేరమని స్పష్టం చేసింది. అదే ఏడాది అక్టోబరు 2న అమల్లోకి వచ్చిన నియమాలు, పెళ్లిలో వచ్చిన కానుకలకు జాబితా రాయాలన్నాయి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, వారికి ఉన్న చుట్టరికం అందులో ఉండాలి. వధూవరులిద్దరూ సంతకం చేయాలి. ఆ జాబితా రాసే ఇళ్లు అరుదు. గిన్నె మీద పేరు మాత్రం దాదాపు ప్రతి ఇంట్లో పడుతుంది. చట్టం కాగితం మీద అడిగిన వివరాల్లో ముఖ్యమైన భాగాన్ని మన ఆచారం లోహం మీద ఎప్పటి నుంచో రాస్తోంది. అయితే ఆచారంలో ఒక లోపం ఉంది, దాన్ని దాచకూడదు. ఎన్నో ఇళ్లలో బిందె మీద పడేది ఆడపిల్ల పేరు కాదు, అల్లుడి పేరు, లేదా అత్తింటి ఇంటిపేరు. ఎవరి హక్కును నిలబెట్టాలో ఆమె పేరే లేనప్పుడు ఆ చెక్కడం ఆమెకు ఎదురు సాక్ష్యంగా నిలుస్తుంది. సామాను ఆమెదైతే పేరూ ఆమెదే ఉండాలి, పుట్టింటి ఊరితో సహా.

ఇక వాచీ. సైకిలు, రేడియో, వాచీ కట్నంగా అడిగిన తరాల్లో ఆ వాచీ చాలామందికి హెచ్‌ఎంటీ. 1961లో జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో మొదలైన ఆ తయారీకి 2016లో తెరపడింది గానీ వాటిలో ఎన్నో ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఆ కాలపు వాచీలు చాలావాటికి డొక్క ఇత్తడి, పైన క్రోమియం పూతో బంగారు పూతో. వెనక మూత మాత్రం స్టీలు. కాబట్టి ‘చెక్కిస్తే పాడవుతుంది’ అన్న మాట డొక్క విషయంలో నిజం. పూత తెగినచోట చెమట చేరి ఇత్తడి పచ్చబడుతుంది. వెనక మూత విషయంలో అది నిజం కాదు. కరెంటు పెన్ను భయం కూడా సగమే నిజం. తాళం వాచీలో అటూ ఇటూ ఊగే చక్రం ఇరుసు మొన మందం మిల్లీమీటరులో పదో వంతు. మూత వాచీకే బిగించి ఉండగా ఆ అదురు తగిలితే మొన వంగవచ్చు. మూత విప్పి, విడిగా చెక్కించి, రబ్బరు రింగు సరిచూసి మళ్లీ బిగిస్తే యంత్రానికి ఏ ప్రమాదమూ లేదు. గ్యారంటీ ఉన్న కొత్త వాచీని బయటివాళ్ల చేత విప్పిస్తే గ్యారంటీ పోతుంది కాబట్టి కంపెనీ దుకాణంలోనే అడగాలి. గాజు మూత వెనక యంత్రం కనిపించే వాచీలకు, బొమ్మలు అచ్చువేసిన మూతలకు ఈ పని పొసగదు. చెక్కడానికే పుట్టినట్టుండే వాచీ ఒకటుంది, దాని కథలో మన దేశానికీ చోటుంది: భారతదేశంలో పోలో ఆడే బ్రిటిషు అధికారుల వాచీ అద్దాలు పగలకుండా 1931లో తిరగేసుకునే డొక్కతో చేసిన రివెర్సో. దెబ్బ కాయడానికి పెట్టిన ఆ ఖాళీ వీపు, పేర్లు చెక్కించుకునే చోటుగా పేరుపొందింది.

అమ్మకం ధర సంగతి ఇంతకన్నా గట్టి అభ్యంతరం. ఇత్తడి బిందెను తూకానికి అమ్ముతారు, పేరున్నా లేకున్నా కిలోకు అదే ధర. వాచీ తూకానికి పోదు. ఎవరి పేరో ఉన్న వాచీని కొనేవాడు ధర తగ్గించమంటాడు, అరగదీయించబోతే మూత పలచబడుతుంది. నటుడు పాల్ న్యూమన్‌కు భార్య ఇచ్చిన రోలెక్స్ వాచీ 2017 అక్టోబరులో న్యూయార్కు వేలంలో కోటీ 77 లక్షల డాలర్లు దాటింది, దాని వెనక జాగ్రత్తగా బండి నడపమని ఆమె చెక్కించిన మాట ఉంది అని ఎదురు ఉదాహరణ చెబుతారు. ఆ ధర న్యూమన్ ప్రసిద్ధికి వచ్చింది, పరకాల అల్లుడి వాచీకి రాదు. కనుక ఆ ఉదాహరణను నేను వాదనకు వాడుకోను. ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం: రేపు అమ్మే ఉద్దేశంతో కొనే వాచీ మీద ఏమీ చెక్కించకూడదు. సొంత డబ్బుతో కొనుక్కున్న వాచీ మీద సొంత పేరు చెక్కించుకోవడంలోనూ పెద్ద ప్రయోజనం లేదు. ఎక్కువ వాచీలకు కంపెనీ వేసిన నంబరు ఉంటుంది, బిల్లు దాచుకుంటే యాజమాన్యానికి అది చాలు. మిగిలేది కానుక వాచీ. మామ అల్లుడికి పెట్టింది, భూపాలపల్లి గనిలో పని విరమించిన కార్మికుడికి తోటివాళ్లు చందాలు వేసుకుని ఇచ్చింది, పదో తరగతి గట్టెక్కిన బిడ్డకు తల్లి కొనిచ్చింది. వీటిని పుచ్చుకున్నవాళ్లు మామూలుగా అమ్మరు. నంబరూ బిల్లూ చెప్పలేని విషయం వీటిలో ఉంది, ఎవరిచ్చారన్నది. ఆ ఒక్కటి చెప్పడానికే చెక్కడం కావాలి.

చుట్టరికం చెడితే ఆ పేరు గుచ్చుకోదా అని అడగవచ్చు. గుచ్చుకుంటుంది. కానీ బిందె మీది పేరు అక్కరకొచ్చేది సరిగ్గా చుట్టరికం చెడిన రోజునే. ఎవరు పెట్టింది ఎవరికి చెందాలో ఆ రోజే తేలాలి. వాచీకైతే మూత మారుతుంది, లేదా మూత లోపలి వైపు చెక్కించవచ్చు. మరమ్మతు చేసినవాళ్లు తేదీలు గీరిపెట్టుకునే చోటు అది. లింకన్ జేబు గడియారాన్ని 1861లో బాగుచేసిన ఒక పనివాడు లోపల గీసిన మాటలు, 2009లో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో విప్పేదాకా లోకం కంట పడలేదు. ఇచ్చినవాళ్ల డాబు కోసమే పేరు వేయిస్తారన్న నింద కూడా కొట్టిపారేయదగ్గది కాదు. చదివింపుల్లో వచ్చే కొన్ని గిన్నెల మీద ఇచ్చినవాళ్ల హోదా, ఫోను నంబరుతో సహా ఉంటుంది. అది కొలత తప్పడం. తెలుగులో మూడు చిన్న వరుసలు సరిపోతాయి: పుచ్చుకున్నవారి పేరు ముందు, ఇచ్చినవారి పేరు, ఊరు తర్వాత, తేదీ చివర. చెక్కే మనిషికి చీటీ ఇచ్చే ముందు ఒత్తులు, దీర్ఘాలు ఇద్దరు చదివి చూడాలి. లోహం మీద పడిన తప్పును దిద్దాలంటే లోహాన్నే అరగదీయాలి.