విఠలాచార్య దయ్యములు

బి. విఠలాచార్య 1978లో తీసిన ‘జగన్మోహిని’లో దయ్యము తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంట చేయును. స్వల్ప వ్యయముతో తయారైన ఇట్టి చిత్రములలో అతుకులు అక్కడక్కడ కంటబడును. వాని ఆకర్షణ అదియే. భయపడిన బాలుడే మరుక్షణమున “ఇది ఎట్లు చేసిరి?” అని అడుగును.

సమాధానము సులభము. కెమెరాను ఆపి, తక్కినవారు కదలక నిలిచియుండగా ఒకరు తప్పుకొన్న పిమ్మట మరల నడిపినచో, తెరపై ఆ మనిషి మాయమగును. ఫ్రాన్సులో జార్జ్ మెలియే 1896లోనే ఈ యుక్తిని వాడెను. లెన్సులో సగము మూసి ఒకమారు, ఫిలిమును వెనుకకు త్రిప్పి రెండవ సగము మూసి మరొకమారు చిత్రించినచో ఒకే నటుడు ఇద్దరగును.

అయితే ఈ చిత్రములలో లోపమొకటి కలదు. కథ ఈ వింతలన్నిటిని మంత్రమునకే కట్టబెట్టును. బాణామతి నెపమున నిరపరాధులను హింసించిన తెలంగాణలో ఇది చిన్న లోపము కాదు. అంతమాత్రమున వీనిని నిషేధింప బనిలేదు. నిజామాబాదు, బోధను పాఠశాలల ఉపాధ్యాయులు చిత్రమును చూపి, యుక్తిని విద్యార్థులచేతనే చేయించవచ్చును. నేడు సెల్‌ఫోను కెమెరా చాలును. బల్లపై చెరకుగడను తానే మాయము చేసి చూపిన బాలుడు, రేపు బాణామతి మాట విన్నప్పుడును “ఎట్లు?” అని అడుగును.