ఐరిష్ సాహిత్యంలో ఎండ, పొలం పని

అనువాదంలో కఠిన పదాలకంటె సులభ పదాలే ఎక్కువ మోసం చేస్తాయి. కఠిన పదం ఎదురైనప్పుడు అనువాదకుడు ఆగి నిఘంటువు తెరుస్తాడు. సులభ పదం ఎదురైనప్పుడు ఆగడు. ‘ఎండ’ అటువంటి సులభ పదం. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని చెప్పుకొనే దేశంలో ఆ మాట వెంట వడగాడ్పులు, ఎండిన చెరువులు, చలివేంద్రాలు వరుసగా వచ్చి నిలబడతాయి. తెలుగు ప్రబంధాలలోని గ్రీష్మవర్ణనలన్నీ ఆ సంస్కారాన్ని పెంచి పోషించినవే. ఐర్లండు రైతుజీవితాన్ని గూర్చిన ఒక నవలలో ఆనాడు ఎండ బాగుగా కాచినదని ఉంటే, తెలుగు పాఠకుని మనస్సు వెంటనే నీడ కోసం వెదకుతుంది. ఆ నవలలోని మనుష్యులు అదే క్షణంలో నీడ విడిచి పొలానికి పరుగెత్తుతూ ఉంటారు. ఈ రెండు కదలికల మధ్య ఉన్న దూరాన్ని గుర్తించని అనువాదం, వాక్యం వాక్యం సరిపోయినా, మూలంలోని ప్రాణాన్ని అందుకొనలేదు.

ఆ దేశంలో వేడి అంటే ఎంత? ఒకేచోట వరుసగా ఐదు రోజులు గరిష్ఠ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు దాటితే దానిని అక్కడి వాతావరణ శాఖ వడగాడ్పుల దశగా లెక్కిస్తుంది. 1887 జూన్ 26న కిల్‌కెన్నీలో నమోదయిన 33.3 డిగ్రీలే ఆ దేశపు అత్యధికమని చాలకాలంగా చెప్పుకొంటూ వచ్చినారు. ఆ లెక్కను శంకించినవారూ ఉన్నారు. అట్లాంటిక్ మీదనుండి వచ్చే మేఘాలు వేసవిలో కూడ ఎప్పుడైనా కురుస్తాయి. కనుక అక్కడి రైతు ఎండను తాపంగా గాక గడువుగా చూస్తాడు. తెలుగు రైతుకు తొలకరి జల్లు ఎటువంటిదో, ఐరిష్ రైతుకు మూడు రోజుల పొడి ఎండ అటువంటిది. రెండూ ఆకాశం ఇచ్చేవే, రెండూ అదను తప్పితే మరల దొరకనివే. ఎండ ఉండగానే గడ్డి ఆరబెట్టుకొమ్మనే ఇంగ్లీషు సామెతకు తెలుగులో దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకొమ్మన్న సామెతను వాడడం పరిపాటి. భావం సరిపోతుంది. ఎండ మాత్రం ఆరిపోయి, దాని స్థానంలో దీపం మిగులుతుంది.

ఇంత తొందర ఎందుకో తెలియాలంటే గడ్డి సంగతి తెలియాలి. ఐరిష్ కమతానికి పశువే ఆధారం. శీతకాలంలో పచ్చిక పెరగదు, పశువులు కొట్టంలో ఉంటాయి. ఆ నెలలన్నింటికీ కావలసిన మేతను వేసవిలోనే కోసి, ఎండబెట్టి, వామి వేసుకోవాలి. కోసిన పచ్చిక పైభాగం ఎండగానే పళ్ళున్న పొడుగు కర్రలతో తిరగవేస్తారు. సాయంకాలం మంచుకు తడవకుండా చిన్న కుప్పలుగా చేరుస్తారు. మరునాడు మరల పరుస్తారు. మధ్యలో వాన వచ్చినదా, పని మొదటికి వస్తుంది. పచ్చి ఆరని గడ్డిని వామి వేస్తే లోపల బూజు పట్టి వేడెక్కుతుంది; ఒక్కొక్కప్పుడు తనంతట తానే అంటుకొని కాలిపోతుంది కూడ. జూన్ నెలలో ప్రొద్దు క్రుంకేది రాత్రి పది గంటల ప్రాంతాన. పని కూడ అంతదాకా సాగుతుంది. టీ, రొట్టె పొలానికే వస్తాయి. ఇరుగుపొరుగులు ఒకరి పనికి ఒకరు తరలివచ్చే పద్ధతిని గేలిక్ భాషలో ‘మెహల్’ అంటారు. అక్కడ కూలి లేదు, బదులు ఉన్నది. 1930లలో క్లేర్ కౌంటీ పల్లెలను పరిశీలించిన అమెరికన్ మానవశాస్త్రవేత్త కాన్రాడ్ ఆరెన్స్‌బర్గ్ ‘ది ఐరిష్ కంట్రీమన్’ (1937) అనే గ్రంథంలో ఈ సహకారానికి మూలం బంధుత్వంలో ఉన్నదని వివరించినాడు. అతడు వివరించిన దానిని కథగా మార్చినవారు వేరే ఉన్నారు.

వారిలో మొదట తలచుకోవలసినవాడు కెర్రీ తీరానికి ఆవల గ్రేట్ బ్లాస్కెట్ ద్వీపంలో జీవించిన టొమాస్ ఓ క్రిహన్. చేపలు పట్టి, కొద్దిపాటి నేల దున్నుకొని బ్రతికిన ఈ మనిషి గేలిక్ భాషలో వ్రాసిన ఆత్మకథ 1929లో వెలువడినది. రాబిన్ ఫ్లవర్ దానిని ఆంగ్లంలోకి తెచ్చినాడు. అందులో ఒక ఘట్టం ఉన్నది. వంటచెరకు లేని ఆ ద్వీపంలో పొయ్యికి ఆధారం ‘టర్ఫ్’. చిత్తడి నేలలో వేల ఏండ్లుగా పేరుకొన్న వృక్షావశేషాల మట్టిని ఇటుకలవలె కోసి, ఎండబెట్టి కాలుస్తారు. ఒక మంచి ఎండరోజున టొమాస్ పార తీసుకొని కొండకు బయలుదేరుతాడు. పని మొదలయినదో లేదో, ద్వీపంలోని కవి వచ్చి ప్రక్కన చేరి, కూర్చోమని, తన పాటలు వినమని, వినడమే గాక వ్రాసుకొమ్మని పట్టుబడతాడు. కాదంటే తనమీద తిట్టుపాట కడతాడేమో అని టొమాస్ భయపడతాడు. వేములవాడ భీమకవి నోటికి జడిసినవారి కథలు విన్న తెలుగువానికి ఈ భయం కొత్త కాదు. ఆ రోజు టర్ఫ్ అక్కడే మిగిలిపోతుంది.

ఈ ఘట్టాన్ని హాస్యంగా చదివి ఊరుకొన్నవారు చాలామంది. హాస్యం ఉన్నమాట నిజమే. కాని ఒక జాతి సాహిత్యంలో కవిత్వానికి అయిన ఖర్చును టర్ఫ్ గడ్డలలో లెక్కకట్టి చెప్పిన చోటు ఇటువంటిది మరొకటి దొరకడం కష్టం. చలికాలంలో ఆ ఇంటి పొయ్యిలో ఒక దినపు నిప్పు తక్కువ; భాషకు ఒక పాట ఎక్కువ. ఏది మేలని టొమాస్ చెప్పలేదు. ఎండరోజు పోయినందుకు చిరాకు, పాట దక్కినందుకు తృప్తి రెండూ అతని వాక్యంలో ప్రక్కప్రక్కనే ఉంటాయి. తెలుగు చేసేవాడు ఆ రోజు ఎండను వర్ణనగా భావించి రెండు విశేషణాలు తగిలిస్తే చిరాకు పోతుంది, ఘట్టం వట్టి ముచ్చటగా మిగులుతుంది.

షేమస్ హీనీ తొలి సంపుటి (1966)లోని ‘డిగ్గింగ్’ అనే ప్రసిద్ధ కవితలో కూడ టర్ఫ్ కోత ఉన్నది. తాతకు పాలసీసా తీసుకొనిపోయిన మనుమడు, నిలబడి త్రాగి వెంటనే పనిలోకి వంగిన తాత, ఇవి మరువరానివి. అయినా కవి ఉన్నది కిటికీ వద్ద, చేతిలో కలంతో. పనిని ప్రేమతో చూచిన చూపు అది; పనిలోనుండి చూచిన చూపు కాదు. దీనిని దోషమనడం అన్యాయం, కాని భేదమని గుర్తించడం అవసరం.

పనిలోనుండి చూచినవాడు పాట్రిక్ కావనా. 1904లో మోనహన్ కౌంటీలోని ఇనిష్‌కీన్ వద్ద పుట్టి, 1939లో డబ్లిన్ చేరేదాకా సొంత పొలంలో శ్రమించినవాడు. అతని దీర్ఘకావ్యం ‘ది గ్రేట్ హంగర్’ (1942)కు పెట్టిన పేరు 1845లో మొదలైన మహాక్షామాన్ని తలపిస్తుంది. ఆ క్షామంలో సుమారు పది లక్షలమంది మరణించినారు, అంతకు తగ్గకుండా దేశం విడిచి పోయినారు. కావనా చెప్పిన ఆకలి వేరు. కౌలుదారులను భూమికి హక్కుదారులను చేసిన చట్టాలు వచ్చిన తరువాత, ఆ హక్కునూ ముసలి తల్లినీ కనిపెట్టుకొని పెండ్లి లేకుండా ముదిసిపోయిన మగ్వైర్ అనే రైతు ఆకలి అది. బలమైన కావ్యమే, కాని ఏకపక్షం. అందులో పని మనిషిని పీల్చివేయడమే గాని ఒక్కనాడూ సేదదీర్చదు. కావనా తానే తరువాతి కాలంలో ఆ కావ్యం పట్ల అసంతృప్తి వెలిబుచ్చినాడు. మెట్టవేదాంతం పలికే పట్నపు విమర్శకులు మాత్రం గ్రామజీవితపు నిజస్వరూపం ఇదేనని దానినే ఎత్తిపట్టుకొన్నారు.

నిజస్వరూపానికి మరింత దగ్గరగా ఉన్నవి అతని నవల ‘టారీ ఫ్లిన్’ (1948), అంతకుముందు 1940లో వచ్చిన ‘స్ప్రేయింగ్ ది పొటేటోస్’ అనే చిన్న కవిత. కవితలో జరిగేది ఇంతే: జులై నెలలో పొలం గట్టున నీలిమందు పీపాలు ఉన్నవి, బంగాళాదుంప మొక్కలు పూతమీద ఉన్నవి, మందు చల్లుతున్న యువకుని వద్దకు ఒక ముసలివాడు వచ్చి పంటను గూర్చి మాట్లాడి పోతాడు. ఆ నీలిమందు మైలుతుత్తం కలిపిన నీరు. 1880లలో ఫ్రాన్సు ద్రాక్షతోటలలో పుట్టిన ఈ విద్యను తెలుగు రైతు కూడ ఎరుగును. మైలుతుత్తం, సున్నం కలిపి బోర్డో మిశ్రమమని చల్లుతూనే ఉన్నాడు. 1845లో దుంపలను కుళ్ళబెట్టిన ఆకుమాడు తెగులుకు ఐరిష్ రైతు చేతికి వచ్చిన మందు ఇదే. ఉక్కపోసే తడి రోజులలో ఆ తెగులు పాకుతుంది; మందు ఆకుమీద నిలవాలంటే పొడిరోజు కావాలి. కవితలో ఎండ ఇంత హాయిగా ఉండడానికి కారణం అదే. క్షామం అన్న మాట అందులో రాదు. రావలసిన పని లేదు. వీపుమీది మందుడబ్బా బరువే ఆ మాట. ఈ సంగతి తెలియకుండా తెలుగు చేస్తే నీలిరంగు, గులాబీలు, పూత మిగిలి కవిత ఒక ప్రకృతి చిత్రమవుతుంది. ‘మైలుతుత్తం’ అన్న ఒక్క మాట వేస్తే, విష ఔషధాలు రెండూ అయిన ఆ పదార్థం వాసన తెలిసిన పాఠకునికి తక్కినది బోధపడుతుంది.

టారీ ఫ్లిన్ కవి అయిన రైతు, లేదా రైతు అయిన కవి. తల్లి అతనిని పనికి తరుముతూనే ఉంటుంది, అతడు గట్టుమీది కలుపుమొక్కను చూస్తూ నిలిచిపోతూనే ఉంటాడు. ఓ క్రిహన్ పుస్తకంలో రైతు ఒకడు, కవి ఒకడు. ఇక్కడ ఆ ఇద్దరూ ఒకే చొక్కాలో ఉన్నారు. చివరకు టారీ ఊరు విడిచి పోతాడు. తల్లిని గయ్యాళిగా చదివినవారు పొరబడినారు. ఎండ నిలిచే గంటలెన్నో ఆమెకు తెలుసు, కొడుకుకు తెలియదు. వారి తగవులలో సగం ఆ లెక్క దగ్గర పుట్టినవే.

స్త్రీల పనిని గూర్చి ఈ రచయితలలో చాలమంది టీ సీసాలు మోసుకొని వచ్చేవరకే చూచినారు. ఎండ ముదిరితే పాలు విరుగుతాయి, వెన్న గట్టిపడదు. చల్ల చేసే చేతికి అది వేరొక యుద్ధం. హీనీ ‘చర్నింగ్ డే’ అనే కవితలో దీనికి చోటిచ్చినాడు. బ్రయాన్ ఫ్రీల్ నాటకం ‘డాన్సింగ్ ఎట్ లూనసా’ (1990) ఇంకొక మెట్టు ముందుకు పోయినది. 1936 ఆగస్టు, బయట కోతలకాలపు వేడి, లోపల అయిదుగురు అక్కచెల్లెండ్లు. ఇద్దరు చేతితొడుగులు అల్లి నాలుగు డబ్బులు తెస్తారు, ఫ్యాక్టరీ వచ్చి ఆ పని పోతుంది. లూనసా ఆగస్టు మొదట వచ్చే పాత పంటపండుగ. దానిని గూర్చి మాయిర్ మెక్‌నీల్ 1962లో బృహద్గ్రంథం వ్రాసినది. పాతదుంపలు నిండుకొని కొత్తవి ఇంకా ఊరని జులై నెలను పల్లెలలో ఆకలి జులై అనేవారు. లూనసానాడు కొత్తదుంప త్రవ్వేవారు. ఇది తెలిసినవానికి ఆ వంటయింటిలోని హఠాత్తు నృత్యం వట్టి రేడియో పాటకు లేచిన ఉత్సాహంగా కనిపించదు.

జాన్ మెగాహర్న్ (1934–2006) వద్దకు వచ్చేసరికి ఈ సంప్రదాయమంతా నిండుకుండవలె తొణకకుండా నిలిచినది. ‘అమాంగ్‌స్ట్ విమెన్’ (1990)లో మొరాన్ అనే మాజీ గెరిల్లా యోధుడు తన కమతాన్నీ కుటుంబాన్నీ ఒకే పిడికిటిలో పట్టి ఉంచుతాడు. గడ్డి పనికి పట్నాలనుండి పిల్లలు వచ్చి చేరుకొంటారు. అందరూ వరుసగా పనిచేస్తూ ఉండగా షీలా అనే కూతురు, ఆమె వెంట వచ్చిన షాన్, పని విడిచి ఇంటిలోకి వెళ్ళిపోతారు. మిగిలినవారు గడ్డి పని చేస్తూనే ఉంటారు. పట్నపు పాఠకునికి ఇది వయసువారి సరసం. ఆ పొలంలో ఉన్నవారికి అది రెండు అపరాధాలు కలిసినది: తండ్రి ఇంటి మర్యాదకు భంగం, ఎండ ఉన్న గంటలలో రెండు జతల చేతులు తగ్గడం. ఏది ఎక్కువ నొప్పించినదో రచయిత విప్పి చెప్పడు. పల్లెలో ఆ రెండింటినీ విడదీసి చూచేవారు లేరు.

అతని చివరి నవల ‘దట్ దే మే ఫేస్ ది రైజింగ్ సన్’ (2002) లీట్రిమ్ సరస్సు ఒడ్డున జరుగుతుంది. అప్పటికి కోతకు, మోపులు కట్టడానికి యంత్రాలు వచ్చినవి. పొరుగువారు మాత్రం పిలవకుండానే వస్తారు. ఆ వేసవి శోభను ఎందరో మెచ్చుకొన్నారు. కాని అదే సరస్సునుండి బిల్ ఎవన్స్ అనే అభాగ్యుడు బకెట్లతో నీరు మోస్తూ ఉంటాడు. బాల్యంలోనే ఒక సంస్థనుండి పొలం చాకిరికి పంపబడినవాడతడు. మెహల్ అందరినీ కలుపుకొన్నదని చెప్పే నవల, ఆ బదులు లెక్కలోకి రాని ఒక మనిషిని నడిపిస్తూనే ఉంటుంది. మెచ్చినవారిలో చాలమంది ఆ బకెట్లను చూడలేదు.

ఇప్పుడు ఆ పొలాలలో చాలభాగం పచ్చిమేతనే పాతరవేసి, ప్లాస్టిక్ చుట్టి నిలువచేస్తారు. పూర్తిగా ఎండే దాకా వేచి ఉండనక్కరలేదు. 2018 వేసవిలో వేరొకటి జరిగినది. జూన్ 28న షానన్ విమానాశ్రయంలో 32 డిగ్రీలు నమోదయినది, వానలు లేక పచ్చిక పెరుగుదల నిలిచిపోయినది, చలికాలానికి దాచిన మేతను రైతులు జులైలోనే పశువులకు వేయవలసి వచ్చినది. కోరుకొన్న ఎండే కీడు చేసిన ఆ సంవత్సరాన్ని గూర్చి ఎవరైనా నవల వ్రాస్తే దానిని తెలుగు చేయడం కావనాను తెలుగు చేయడం కంటె సులభం.

కావనాకు, మెగాహర్న్‌కు మాత్రం పదాల చిక్కులు తీరవలసి ఉన్నవి. వారి గడ్డిని ‘ఎండుగడ్డి’ అంటే తెలుగు పాఠకుడు నూర్చిన తరువాత మిగిలిన వరిగడ్డి అనుకొంటాడు. అది ధాన్యం తీసుకొన్న తరువాతి శేషం, ఇది మేత కోసమే కోసిన పంట. ‘ఎండబెట్టిన పచ్చిక’ అని మొదటిసారి విప్పి వ్రాసి, ఆపైన గడ్డి అనడమే మేలు. పొలంలో వేసే చిన్నదానికి ‘కుప్ప’, ఇంటివద్ద వేసే పెద్దదానికి ‘వామి’ అని పాటిస్తే పని ఎంతవరకు వచ్చినదో పాఠకునికి తెలుస్తూ ఉంటుంది. మెహల్‌కు ‘బదులు పని’ కొంత దగ్గర. బంధుత్వపు వాసన మాత్రం అందులో తక్కువ.