సిగ్గుకు ఒక రంగస్థలం

పుస్తకంలో అన్నీ ఉన్నాయి. ఎనిమిదో తరగతి జీవశాస్త్రంలో ‘కౌమార దశ’ అని ఓ పాఠమే ఉంది. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన బడి ఆరోగ్య కార్యక్రమం ఆరోగ్య పాఠాలు చెప్పడానికి బడికి ఇద్దరు టీచర్లను తయారు చేయమంది, 11 అంశాలు రాసిచ్చింది. నోరు మాత్రం పెగలదు. మా రంగారెడ్డి జిల్లా కోహెడ లాంటి ఊళ్లో సారు నోట ఒక మాట తడబడితే సాయంత్రానికల్లా అది ఇంటింటికీ చేరుతుంది. మర్నాడు బస్టాపులో ఆ మాట విన్న పిల్ల తల్లే ఎదురవుతుంది. ‘ఇది ఇంటికాడ చదువుకోండి’ అని పేజీ తిప్పేశారంటే తప్పు ఎవరిదని? మా తరం సందేహాలు ‘స్వాతి’ వారపత్రికలో డాక్టర్ సమరం గారి జవాబులతో తీరాయి, అదీ ఎవరూ చూడకుండా చదువుకుని.

అందుకే టీచర్లు ముందుగా సాధన చేసుకునే వర్చువల్ తరగతి నాకు యంత్రంలా కాదు, నాటకంలా కనిపిస్తుంది. అమెరికాలో సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం ‘టీచ్‌లైవ్’ పేరుతో ఇలాంటిది తయారుచేసింది. తెర మీద ఐదుగురు పిల్లలు, ఎదురుగా నిజం టీచరు. ఆ ఐదుగురినీ తెర వెనక నుంచి ఆడించేది, పలికించేది ఒక్క మనిషి. మన తోలుబొమ్మలాటే ఇది, కాకపోతే ఇక్కడ ప్రేక్షకుడూ పాత్రధారే. అది ఏ పాఠానికైనా పనికొచ్చే శిక్షణ. కానీ ఈ పాఠంలో దానికి దొరికే రసం లెక్కల పాఠంలో దొరకదు.

ఒక ఘట్టం చూడండి. తెర మీద రెండో బెంచీ పిల్ల చెయ్యెత్తుతుంది, సగమే. ‘టీచర్, నెలసరి అయితే గుడికి పోవద్దంటరు గద, మరి బడికి రావొచ్చా?’ వెనక కుర్రాడు కిసుక్కుమంటాడు. టీచరమ్మ గొంతు జీరపోతుంది, పై పెదవి మీద చెమట. స్వేదం, స్వరభంగం అని నాట్యశాస్త్రంలో భరతుడు సాత్విక భావాల్లో లెక్కపెట్టినవే! వాటిని నటించడం ఎంత కష్టమో నటులకు తెలుసు, ఈమెకు అడగకుండానే వచ్చాయి. తెర వెనక మనిషి ఆ తడబాటు విన్నాడు. తొందరపడడు. పిల్ల చెయ్యి మెల్లగా కిందికి జారుతుంది, చూపు బల్ల మీదికి వాలుతుంది. ఈ ప్రయోగంలో అందమంతా ఆ జారే చేతిలోనే ఉంది. టీచరమ్మ దాన్ని చూసి, తన సిగ్గు మరిచి, ‘రావొచ్చు బిడ్డా, అది జబ్బు కాదు’ అంటుంది. వ్రీడ కరిగి వాత్సల్యం పొంగిన క్షణం అది. నవ్విన కుర్రాడి వైపు తిరిగి, కసరకుండా, ‘నీకూ ఒక డౌటుంది, అడుగు’ అనగలిగిందా, ఇక ఆమెను ఎవరూ ఆపలేరు.

ఆలంకారికుడు భట్టనాయకుడు సాధారణీకరణం అన్నది దీనికెంత చక్కగా సరిపోతుందో! ఆ సిగ్గు ఇక్కడ ఫలానా టీచరుదీ కాదు, ఫలానా ఇంటి పిల్లదీ కాదు. ఎవరిదీ కానప్పుడే దాన్ని నిలబెట్టి చూడగలం. పొరపాటున ఒక మాట జారినా ఊరికి చేరదు. ఆట ఆపి, మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే చెయ్యి.

బొమ్మల జుట్టు ప్లాస్టిక్‌లా ఉంటుందంటారా? ఉండనివ్వండి. అట్ట కిరీటం పెట్టుకున్న దుర్యోధనుణ్ణి చూసి పద్యానికి వన్స్‌మోర్ కొట్టిన జాతి మనది. నాకు రుచించనిది వేరే ఉంది. ఆట ముగియగానే ఇన్ని మార్కులని తెర మీద అంకె వేస్తే రసభంగమే. మనిషిని తీసేసి కంప్యూటరు చేతే టకటకా ప్రశ్నలడిగిస్తే ఇంకా ఘోరం. అడగాలా వద్దా అన్న పిల్ల సందిగ్ధాన్ని పలికించడానికి నటుడు కావాలి. భాష కూడా ముఖ్యమే. తెర మీది పిల్ల ‘ఉపాధ్యాయినీ, ఋతుస్రావ సమయమున’ అని మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోతాను.

రాష్ట్ర విద్యాపరిశోధన, శిక్షణ సంస్థ వారికి నాదొక విన్నపం. ఇలాంటి తెర మన దగ్గర పెట్టే రోజు వస్తే బొమ్మలు ఎవరు చేసినా సరే, గొంతుకు మాత్రం మన నటుల్ని పిలవండి. మాయాబజార్‌ను రంగస్థలం మీదే కళ్లకు కట్టే సురభి కుటుంబాలు ఇదే రంగారెడ్డి జిల్లాలో, శేరిలింగంపల్లిలో ఉన్నాయి.