వేగం ఎవరి చేతిలో ఉంది?

బార్బరా గోర్డన్ రాసిన ‘ఐయామ్ డాన్సింగ్ యాజ్ ఫాస్ట్ యాజ్ ఐ కెన్’ 1979లో వచ్చింది. నేను చదివింది మాత్రం మొన్నమొన్ననే, రోజూ రాత్రి క్లొనాజెపామ్ మాత్రని బ్లేడుతో సగానికి కోసుకుంటున్న రోజుల్లో. అందుకే ఈ పుస్తకాన్ని దూరం నుంచి చూసి మాట్లాడటం నావల్ల కాదు.

గోర్డన్ న్యూయార్క్‌లో టీవీ డాక్యుమెంటరీలు తీసేది. మంచి పేరుంది, అవార్డులున్నాయి, బ్యాగులో ఎప్పుడూ వేలియం ఉంది. ఏళ్ల తరబడి వాడాక ఇక వద్దనుకుంది. సైకియాట్రిస్టు ఒక్కసారిగా ఆపెయ్యమన్నాడు. ఆపేసింది. ఇక అక్కడినుంచి ఇల్లు దాటలేకపోవడం, కలిసుంటున్న మనిషి చేతిలో హింస, మానసిక ఆసుపత్రి, చాలా మెల్లగా కోలుకోవడం. పుస్తకమంతా ఇదే.

ఒక్కసారిగా ఆపితే ఎందుకంత ప్రమాదం? మెదడులో గాబా అనే రసాయనం బ్రేకులాంటిది. ఈ మందులు ఆ బ్రేకుని ఇంకాస్త గట్టిగా పడేట్టు చేస్తాయి. ఏళ్లపాటు అలా సాయం అందితే మెదడు దానికి అలవాటుపడి, తన వంతు బ్రేకుని వదులు చేసుకుంటుంది. మందు హఠాత్తుగా తీసేస్తే బండి ఆగదు. నిద్ర పోతుంది, చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు.

పుస్తకంలో నాకు బాగా నచ్చింది మొదటి భాగం. మాత్ర ఆమె కెరీర్‌కి ఎక్కడా అడ్డు రాదు. అసలు కెరీర్‌ని లాక్కొస్తున్నదే అదేమో అనిపిస్తుంది. ఆఫీసులో బాగా పనిచేసేవాళ్లని ఎవరూ ఏమీ అడగరు కదా. నన్నూ ఆరేళ్లు ఎవరూ అడగలేదు.

మధ్య భాగం మీద మాత్రం మొదట విసుక్కున్నాను. ఏది మందు ఆపినందువల్ల, ఏది ఆ మనిషి వల్ల, ఏది ఆమెలో ముందునుంచీ ఉన్నది? రచయిత్రి విడదీసి చెప్పదు. ఇది కథనంలో లోపమని మార్జిన్‌లో రాసుకున్నాను కూడా. రెండు నెలల తర్వాత ఒక సోమవారం స్టాండప్ మీటింగ్‌లో నా వంతు వచ్చేసరికి గొంతు పట్టేసింది. మోతాదు తగ్గించినందుకా? పాత జబ్బు తిరగబెట్టిందా? లేక శుక్రవారం నేను పగలగొట్టిన బిల్డ్ వల్లా? ఇప్పటికీ తేల్చుకోలేదు. ఇంటికొచ్చి మార్జిన్‌లో రాసినదాన్ని కొట్టేశాను. లోపలున్న మనిషికి ఆ గీతలు కనబడవు. కనబడినట్టు రాసి ఉంటే అదే అబద్ధమయ్యేది.

నా అసలు అభ్యంతరం వేరే. ఈ పుస్తకంలో మందు ఆపడం ఒక సంఘటన. ఒక మాట, ఒక నిర్ణయం, తర్వాత విధ్వంసం. 1982లో జిల్ క్లేబర్గ్‌తో వచ్చిన సినిమాకి ఈ సంఘటనే దొరికింది. తెరకి అదే కావాలి మరి. తప్పు గోర్డన్‌ది కాదు, ఆమెకు జరిగిందే ఆమె రాసింది. కానీ ఇలాంటి కథలే గుర్తుండిపోయి, ఆపడమంటే సీసాని కుప్పతొట్లోకి విసిరేయడమే అని మనలో పాతుకుపోయింది. “నిద్రమాత్రలేగా, మానేస్తే పోలా?” అంది మా అమ్మ. మొదటిసారి నేను చేసిందీ అదే. మూడో రాత్రికి పక్క ఫ్లాట్‌లో మిక్సీ శబ్దం నా తలలోనే తిరుగుతున్నట్టుంది. మళ్లీ మాత్ర వేసుకుని, ఓడిపోయానని ఏడ్చాను.

రెండోసారి డాక్టర్ చెప్పినట్టు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల్లో కథేమీ లేదు. కాస్త తగ్గించడం, ఆగడం, నిద్రలేని వారం ఒకటి, మళ్లీ ఆగడం. అప్పుడు నాకు తోడున్న పాఠ్యం సాహిత్యం కాదు, ఆష్టన్ మాన్యువల్. హెదర్ ఆష్టన్ 1982 నుంచి 1994 దాకా ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో ఈ మందులు మానేవాళ్ల కోసం క్లినిక్ నడిపిన ప్రొఫెసర్. మాన్యువల్‌లో ఉన్నవి వారాలు, మిల్లీగ్రాములు, పట్టికలు. అందులో ఉపమానాలు వెతుక్కునే పని లేదు. వేగం రోగి చేతిలో ఉండాలన్నది మాత్రం ఆ పట్టికలన్నిటి వెనకా ఉన్న మాట. గోర్డన్ పుస్తకం పేరు పక్కన ఈ మాట పెట్టి చూడండి. ఆమె ఎంత వేగంగా ఆడగలదో అంత వేగంగా ఆడింది, కానీ ఆ వేగం ఆమె పెట్టుకున్నది కాదు.

ఇదంతా న్యూయార్క్ బాధ, గేటెడ్ కమ్యూనిటీ బాధ అనుకునేవాళ్లకి 2015 తెలంగాణ గుర్తుచేయాలి. కల్తీకల్లు మీద ప్రభుత్వం దాడులు పెంచాక, రోజూ తాగే కూలీలు వణుకుతూ, ఫిట్స్‌తో, లేనివి కనబడుతూ ఆసుపత్రులకి చేరారు. ఆ కల్లులో కలిపేది ఆల్ప్రాజొలామ్, డయాజిపామ్ లాంటివే. అంటే వేలియమే. ఎంత తాగుతున్నారో తెలీదు, తాగుతున్నది మందని తెలీదు, ఆగిపోయిన రోజున ఎందుకు ఆగిందో కూడా తెలీదు. గోర్డన్‌కి కనీసం డాక్టర్‌ని అడిగే అవకాశం దక్కింది, తర్వాత రాసుకునే అవకాశమూ దక్కింది.

కల్లు కాంపౌండ్ మూతపడిన మర్నాడు పొద్దున చేతులు వణుకుతూ లేచినవాడి కథ నేను చదివిన తెలుగులో లేదు. ఎవరైనా రాస్తే, అతను పడిపోయిన రోజు దగ్గరే ఆపెయ్యొద్దని నా విన్నపం. ఆ తర్వాతి ఎనిమిది నెలలూ రాయండి. ఏమీ జరగనట్టుండే ఆ నెలల్లోనే మనిషి బయటపడతాడు.